గుల్లతిప్ప ఎక్కడుంది?

రోహిణి కార్తె

ఈ దినచర్య నా కోసమే రాసుకుంటున్నాను. ఆఫీసు నమోదులకి తేదీ, గంట, నిమిషం పుడమి తనే వేసుకుంటుంది. నాకు కార్తె చాలు.

పొద్దున్న వచ్చి కూర్చునేసరికే ప్రశ్నలు వరసకట్టి ఉన్నాయి. ఈ నల్లగీత కాలువా, నీడా? నీడ, పక్కనే కొబ్బరితోట ఉంది. ఈ మెరిసేది ఉప్పుమడా, రేకుల కప్పా? ఉప్పుమడి. ఈ గుంట నిన్న లేదు, ఏమిటిది? చేపల చెరువు తవ్వుతున్నారు. ఇలా మధ్యాహ్నం దాకా సాగింది.

పుడమి తన్ను తానే గీసుకునే పటం. పైనుంచి కళ్ళు, నీళ్ళలో గింజంత పరికరాలు, గాలిలో ముక్కులు. లోకమంతా ఎప్పటికప్పుడు దానికి తెలిసిపోతూనే ఉంటుంది. సందేహం వస్తే మాత్రం మనిషిని అడుగుతుంది. అలా జవాబులు చెప్పే మమ్మల్ని జవాబుదార్లు అంటారు. భూగోళశాస్త్రం చదివినవాళ్ళకి ఇప్పుడు మిగిలిన ఉద్యోగం ఇదొక్కటే. నేను చదివే రోజుల్లో ఏడాదికోసారి క్షేత్రయాత్ర ఉండేది. గొలుసు పట్టుకుని పొలం కొలిచేవాళ్ళం, వాగు ఒడ్డున మట్టి నలిపి చూసేవాళ్ళం. మా తర్వాతి ఏడాది నుంచి తీసేశారు. పైనుంచి ఇంత బాగా కనిపిస్తుంటే బురదలో దిగడం దేనికన్నారు. మాకూ అది సబబుగానే తోచింది.

సాయంత్రం వెళ్ళిపోబోతుంటే ఎదుటి బల్ల మీంచి ఇస్మాయిల్ పిలిచాడు. మా దగ్గర చేరి నాలుగేళ్ళయింది. కుర్రతనం పోలేదు గానీ చూపు మంచిది.

"మేడమ్, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవి పక్కన ఒక ముక్క ఉంది. నిన్న నన్నడిగితే నేల అన్నాను. మీరేమన్నారు?"

"నీరన్నాను. గుర్రపుడెక్క మేట అది. తేలుతూ పోతుంది."

"అందుకే ఇవాళ మళ్ళీ అడుగుతోంది. ఇద్దరం చెరో మాటా చెప్పాం కదా."

వెళ్ళి చూశాను. పచ్చటి ముక్క. నిన్న ఉన్నచోట లేదు. తేలేదైతే జరగడంలో వింతేముంది?

"ఎటు జరిగిందో చూడండి," అన్నాడు ఇస్మాయిల్.

అప్పుడు పోటు తీస్తోంది. నీరంతా సముద్రం వైపు పరుగెత్తే వేళ. ఆ ముక్క మాత్రం ఏటికి ఎదురుగా, పైకి జరిగింది.

గుర్రపుడెక్క ఏటికి ఎదురెక్కదు.

రోహిణి చివర

నాలుగైదు రోజులుగా ఇంకేం తోచడం లేదు. టీ తాగుతున్నా అదే, ఇంటికెళ్ళి పప్పులో పోపు పెడుతున్నా అదే. రోజూ పటం అడుగుతుంది, రోజూ మేం తలో మాటా చెబుతాం. ఒకరోజు దాన్ని అలాగే వదిలేస్తే రెండో రోజు ఇంకో ప్రశ్న తోడు తెచ్చింది. ఆ పచ్చటి ముక్క మీద ఎర్రటి సన్నటి గీత ఒకటుంది. ఏమిటిది?

ఇస్మాయిల్ ఎర్రమట్టి అన్నాడు. నాచు కూడా ఒక్కోసారి ఎర్రబడుతుందన్నాడు. నేను బొమ్మ పెద్దది చేసి చాలాసేపు చూశాను. పొద్దున పొడుగ్గా ఉంది. మధ్యాహ్నానికి లేదు. మర్నాడు దాని పక్కన పసుపు గీత.

నవ్వొచ్చింది నాకు. "ఇస్మాయిల్, అది చీర. ఆరేశారు."

"నీళ్ళలోనా?"

"నీళ్ళలో ఎవరైనా చీర ఆరేస్తారా?"

వాడు నా వంక చూశాడు, బొమ్మ వంక చూశాడు. చీరంటే మనిషి. మడ అడవి దాటాక ఎవరూ లేరని పటం అంటోంది. పదిహేనేళ్ళ కింద గుల్లతిప్ప అనే ఊరు ఖాళీ అయ్యాక అక్కడ ఒక్క గడప కూడా లేదు.

మృగశిర

సత్యవేణి గారు పిలిచారు. మా కేంద్రానికి ఆవిడే పెద్ద. గట్టి మనిషి, కానీ అన్యాయం ఎరగదు.

"ఆ మొగ దగ్గరి ముక్క మీద మీ ఇద్దరి జవాబులూ కలవడం లేదట. మసక వేసేద్దామా?"

ఎంతకీ తేలని చోట పటం మీద మసక వేస్తారు. మసక వేస్తే ఆ చోటుకి వాటంతటవే నడిచే పడవలు పోవు, తుఫాను హెచ్చరిక మోగదు, వైద్యపు పడవ రాదు. ఎవరూ లేని చోట అయితే ఇబ్బందేం లేదు.

"అక్కడ మనుషులున్నారండి," అన్నాను.

"ఎలా తెలుసు?"

"చీరలు ఆరేశారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "భ్రమరాంబ గారూ, చీర కొట్టుకొచ్చి మడచెట్టుకి చుట్టుకుని ఉండొచ్చు."

"ఉండొచ్చు. అందుకే వెళ్ళి చూసొస్తాను."

"వెళ్ళడమా?" ఆ మాట ఎంత విడ్డూరంగా వినిపించిందో ఆవిడ ముఖంలో కనిపించింది. "వెళితే ఇక్కడ కనిపించేదానికన్నా తక్కువే కనిపిస్తుంది కదండీ. అక్కడ మీకు రెండు కళ్ళు. ఇక్కడ ఎన్ని కళ్ళు!"

నిజమే మరి. అయినా ఆ చీర కట్టుకునే మనిషి ఎలా ఉంటుందో ఆ అన్ని కళ్ళకీ కనిపించడం లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సెలవు పెట్టుకుని వెళ్ళండి. పని మీద వెళ్ళడానికి మనకి పద్ధతే లేదిప్పుడు. మీరొచ్చేదాకా మసక వేయను," అన్నారు.

గదిలోంచి బయటకొచ్చేసరికి ఇస్మాయిల్ సంచీ సర్దుకుంటున్నాడు.

"నువ్వెక్కడికి?"

"సెలవు నాక్కూడా ఉంది మేడమ్."

మృగశిర, వాన

పడవ మమ్మల్ని అడవి అంచు దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ముందున్నది నేలో నీరో దానికి తెలియదు. ఎంత చెప్పినా కదల్లేదు. "ఇక్కడికింతే," అని మర్యాదగా చెప్పి ఊరుకుంది.

ఇస్మాయిల్ ప్యాంటు మడిచి దిగాడు. తొడల దాకా బురదలో కూరుకుపోయి "మేడమ్!" అని కేకేశాడు. భయంతో కాదు, సంతోషంతో. చేతికి బురద తీసుకుని వాసన చూశాడు. పుట్టి బుద్ధెరిగాక గోదావరి మట్టిని తాకడం ఇదే మొదలట. వాడు ఆ మట్టి గురించి పరీక్షలో పది పేజీలు రాశాడు.

వాడిని పైకి లాగుతుండగా మడచెట్ల సందులోంచి చిన్న నావ వచ్చింది. గెడ వేస్తున్నది నిండు గర్భిణి.

"ఎవరండీ మీరు? దారి తప్పేరా?"

ఇస్మాయిల్ తెల్లబోయాడు. పుట్టినప్పటి నుంచీ పటం చేతిలో ఉన్నవాడు. దారి తప్పడమన్న మాట పుస్తకాల్లో చదివాడే గానీ అది తనకి కూడా జరుగుతుందనుకోలేదు. "అవునండి. తప్పాం," అన్నాడు, అదేదో గొప్పలాగ.

ఆ పిల్ల పేరు రత్నం. నేను దాచలేదు. మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పేశాను. ఆమె గెడ ఆపింది. "మా అత్త తిడతాది. ఐనా రండి. వానలో ఎక్కడ కూకుంటారు?"

ఇంతవరకూ పచ్చటి ముక్కగా చూసింది ఎదురుగా ఊరై నిలబడింది. అడుగున వెదుళ్ళు, పాత ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటిని బిగించి కట్టిన చిరిగిన వలలు. వాటి మీద పొరలు పొరలుగా గుర్రపుడెక్క, ఆపైన మట్టి. ఆ మట్టిలో బచ్చలి, వంగ, మునగ. తాటాకు ఇళ్ళు, కోళ్ళు, చేపలు ఎండేసిన తడికెలు, ఎర్రచీర. కాలు పెడితే నేల పరుపులా కాస్త అణిగి మళ్ళీ లేచింది. ఇస్మాయిల్ ఒకచోట నిలబడి మెల్లగా ఎగిరి చూశాడు. పిల్లలు నవ్వారు.

రత్నం అత్త కాసులమ్మ ఆ ఊరికి పెద్ద. అరవై దాటి ఉంటాయి. వాన కారుతున్న చూరు కింద కూర్చుని వల బాగు చేస్తోంది. చెప్పిందంతా విని, "పటపోళ్ళా?" అంది. తలెత్తలేదు.

"అవునమ్మా."

"అప్పుడూ మీరే వచ్చేరు. వచ్చేరంటే మీరు రాలేదనుకో, కాయితం వచ్చింది. గుల్లతిప్ప మునిగిపోద్ది, ఎల్లిపోండని. ఎక్కడో మెరక మీద మేడలో పెట్టేరు మమ్మల్ని. ఆరో అంతస్తు. వల ఎక్కడ ఆరేసుకోవాల? నా మొగుడు ఆ కిటికీకాడ కూకుని కూకునే పోయేడు."

ఇస్మాయిల్ మెల్లగా అడిగాడు, "గుల్లతిప్ప... మునిగిందా అమ్మా?"

"మునిగింది. పటం అబద్ధమాడిందని నేనన్లేదు బాబూ. నాలుగేళ్ళకే మునిగింది. మమ్మల్ని పొమ్మన్నందుకు కాదు నా కోపం. ఎక్కడికి పోతారని ఒక్క మాట అడగలేదు." దారం కొరికి ముడి వేసింది. "మునిగే ఊరు మనకెందుకు, తేలే ఊరు కట్టుకుందారని వచ్చేసేం. గాలి తిరిగితే మడల చాటుకి లాక్కుంటాం, చేప తిరిగితే అటు లాక్కుంటాం."

"ఏటికి ఎదురు కూడానా?" అన్నాను ఆత్రం ఆపుకోలేక.

"తాడు కడితే ఎటైనా వస్తాది. అందరూ పట్టాల."

మమ్మల్ని చేపల పులుసుతో అన్నం తినమంది. తిన్నాక చెప్పింది, "మమ్మల్ని పటంలో ఎక్కించకు తల్లీ. ఎక్కిస్తే మళ్ళీ కాయితం వస్తాది."

నేను తలూపబోతుండగా గుమ్మంలోంచి రత్నం అంది, "నాకు పడవ కావాలత్తా."

"ఏ పడవే?"

"డాక్టరు పడవ. పోయినేడు అప్పాయమ్మ వదిన మూడ్రోజులు నొప్పులు పడి ఏమైందో నువ్వు చూడలేదా? పిలిస్తే ఆ పడవ అడివి అంచు దాకా వచ్చి ఎనక్కి పోయింది. మనం దానికి కనపళ్ళేదు. నాకు కనపడాల."

కాసులమ్మ వల మీద చెయ్యి ఆపింది.

మృగశిర చివర

ఏ మాటా ఇవ్వకుండా తిరిగొచ్చాను. ఏదో ఒకటి రాయాలి. ఏం రాయాలి?

పటానికి తెలిసిన రకాలు కొన్నే. నేల అని రాస్తే ముంపు లెక్క వేసి ఖాళీ చేయమని కాగితం పంపుతుంది. నీరు అంటే రత్నానికి పడవ రాదు. వాహనం అంటే రేవులో కట్టేయమంటుంది. కట్టడం అంటే ఎక్కడ కట్టారని అడుగుతుంది. ఆ 'ఎక్కడ' రోజూ మారుతుంది.

"కొత్త రకం చేర్చకూడదా?" అన్నాడు ఇస్మాయిల్.

చేర్చవచ్చు. వెతికితే నియమాల్లో అడుగున ఉంది. పుడమి ఇంకా పసిదిగా ఉన్నప్పుడు, మనుషులు నేల మీద తిరిగే రోజుల్లో పెట్టిన నియమం. కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరుంటే వాళ్ళు కొత్త రకాన్ని నిర్వచించి పంపవచ్చు. కేంద్రం పెద్ద ఒప్పుకోవాలి. ఎవరూ ఎత్తేయలేదు, ఎవరూ వాడలేదు.

నిర్వచనం రాయడానికి కూర్చుంటే తెలిసింది కష్టం. ఊరంటే ఏమిటి? ముప్ఫై ఏళ్ళుగా ఈ శాస్త్రంలో ఉన్నాను. ఊరి ఎత్తు చెప్పగలను, వాలు చెప్పగలను, నీరు ఎటు పోతుందో చెప్పగలను. ఊరు అంటే ఏమిటో నన్ను ఎవరూ అడగలేదు. "చోటు" అని మొదలుపెట్టి కొట్టేశాను. "ఇళ్ళ సమూహం" అని రాసి కొట్టేశాను.

"వాళ్ళనే అడుగుదామా?" అన్నాను.

ఇస్మాయిల్ అప్పటికే లేచాడు.

ఆరుద్ర

అరుగు మీద కాసులమ్మ, ఆమె ఈడువాళ్ళు, రత్నం, ఆమె భర్త పోలరాజు, ఇంకా చాలామంది చేరారు. ఊరంటే ఏమిటన్న నా ప్రశ్నకి ముందు నవ్వారు. తర్వాత అదే జగడం అయింది. అమ్మోరు ఉన్న చోటన్నారొకరు. అమ్మోరిని కూడా మోసుకొచ్చేం కదా అన్నారింకొకరు. పొరుగింటివాళ్ళ వంట వాసన వచ్చేంత దూరం అంది రత్నం. అది నాకు చాలా నచ్చింది గానీ పటానికి ఎలా చెప్పాలో తెలియలేదు.

చివరికి కాసులమ్మ అంది, "ఆ తిప్పని గుల్లతిప్ప అన్నాం. అది మునిగేక దీన్నీ గుల్లతిప్పే అంటన్నాం. మేం ఎక్కడుంటే అదే."

"చోటు మారినా ఊరు మారదన్నమాట," అన్నాడు ఇస్మాయిల్, వేలితో మోకాలి మీద ఏదో రాసుకుంటూ.

"మరి అదెక్కడుందో పటానికి ఎవరు చెప్పాలి?" అన్నాను.

"పైనుంచి చూసి అది చెప్పకూడదు. మేం చెప్పాల," అంది కాసులమ్మ వెంటనే. "మాకు అవసరమైనప్పుడు చెబతాం. లేనప్పుడు ఊరుకుంటాం. అలా కుదిరితే రాసుకో."

అక్కడే కూర్చుని రాశాం. "మనుషులతో పాటు కదిలే ఊరు. అది ఎక్కడుందో దాని మనుషులే చెబుతారు. వాళ్ళు చెప్పనంతవరకూ పటం దాన్ని చూపదు, లెక్కలోకి తీసుకోదు. చెప్పినప్పుడు మిగతా ఊళ్ళకి అందేదంతా దానికీ అందుతుంది." కింద నా పేరు, ఇస్మాయిల్ పేరు. చదివి వినిపించాను. కాసులమ్మ "ఊఁ" అంది. పంపేశాను.

మేం తిరుగు నావ ఎక్కబోతుండగా రత్నం నడుం పట్టుకుని కూర్చుండిపోయింది.

ముందు అందరూ మామూలు నొప్పులే అనుకున్నారు. మధ్యాహ్నానికి రక్తం కనిపించింది. మంత్రసాని ముఖం మారింది. నేను చేతిపలక తీసి సత్యవేణి గారిని పిలిచాను.

"మీరు పంపింది చదువుతున్నాను," అన్నారావిడ. "భ్రమరాంబ గారూ, ఇది ఒప్పుకుంటే ఎవరైనా దాక్కోవడానికి వాడుకోరా? దొంగ సరుకు రవాణా చేసేవాళ్ళు మాది కూడా కదిలే ఊరేనంటే?"

"అనొచ్చండి. అప్పుడు మళ్ళీ ఎవరో ఒకరం వెళ్ళి చూడాలి. ఇక్కడ ఒక పిల్లకి రక్తం పోతోంది మేడమ్."

"వైద్యపు పడవని నేనే పంపిస్తాను. ఊరు ఇప్పుడు ఎక్కడుందో చెప్పండి."

నాకు తెలుసు. పలక మీద చూస్తే అడుగుతో సహా చెప్పగలను. నోరు తెరిచి, మూసుకున్నాను. ఇప్పుడు నేను చెబితే రేపటి నుంచి ఎవరైనా చెప్పొచ్చు. కాసులమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"పిన్నీ," అన్నాను. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదటిసారి. "నేను చెప్పకూడదు. నువ్వు చెప్పాలి."

లోపల రత్నం అరుస్తోంది. కాసులమ్మ నా చేతిలోంచి పలక తీసుకుంది. ఇన్నేళ్ళుగా పటానికి కనబడకుండా తిరిగిన మనిషి. పలకని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఇదుగో, వినండి. గుల్లతిప్ప ఇక్కడుంది. మా కోడలు నొప్పులు పడతంది. రండి."

"ఒప్పుకున్నాను," అన్నారు సత్యవేణి గారు, అంతే.

ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. మగవాళ్ళంతా మోకు పట్టి ఊరిని అడవి అంచు వైపు లాగడం మొదలెట్టారు. ఇస్మాయిల్ కూడా పట్టాడు. "హైలెస్సా" అంటే వాడికి తెలియదు, "ఐలేసా" అని అరిచాడు, ఎవరూ దిద్దలేదు. ఊరు కదిలింది. నా కాళ్ళ కింద ఇళ్ళు, కోళ్ళు, బచ్చలిపాదులు అన్నీ కదిలాయి. మడచెట్ల సందులోంచి తెల్లటి పడవ ముక్కు కనిపించింది. నిరుడు ఊరు కనబడక వెనక్కి తిరిగిన చోటే, ఈసారి ఆగకుండా లోపలికొచ్చేసింది.

రత్నాన్ని ఎక్కించారు. కాసులమ్మ, నేను పక్కన. అడవి దాటకుండానే ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం ఎక్కిస్తూ నర్సు పలక మీద పుట్టుక వివరాలు పూర్తి చేస్తోంది.

"పుట్టిన చోటు ఏం రాయాలండీ? పడవ కదులుతోంది కదా."

"గుల్లతిప్ప," అంది కాసులమ్మ.

పటం ఏ ప్రశ్నా వేయకుండా తీసుకుంది.

పునర్వసు

రత్నం కోలుకుంది. పిల్ల బాగుందట. మొగ దగ్గర పటం మీద ఇప్పుడు ఏమీ లేదు. నీళ్ళే. ఎక్కడున్నారో నాకు తెలియదు. తెలియకపోవడం ఇంత బాగుంటుందని నేననుకోలేదు.

కానీ ఇవాళ పొద్దున ఇంకొకటి జరిగింది.

నేను కూర్చునేసరికి రోజూ ఉండే ప్రశ్నల వరస లేదు. ఒకటే ప్రశ్న ఉంది. పుడమికి ఏదైనా కొత్త రకం నేర్పితే పాత బొమ్మలన్నీ మళ్ళీ తిరగేస్తుందని నాకు తెలుసు. కొత్త కూర రుచి తెలిసినవాళ్ళు సంతంతా వెతికినట్టు. అయితే ఇంత వెతుకుతుందని తోచలేదు. కృష్ణ మొగలో ఒకటి. చిలికా సరస్సులో రెండు. గంగ, బ్రహ్మపుత్ర కలిసేచోట లెక్కపెట్టలేనన్ని. ఇంకా పై దేశాల నదుల్లో, పేరు నోరు తిరగని చోట్ల. ఇన్నాళ్ళూ నాచు, గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన చెత్త అని వేరే వేరే జవాబుదార్లు చెప్పినవి. అన్నీ కదిలే ఊళ్ళు కావొచ్చంటోంది.

నాకు ముందు సంతోషం, ఆ వెంటనే భయం. వాళ్ళెవరూ నాకు ఒప్పుకోలు ఇవ్వలేదు. గుల్లతిప్ప కోసం నేను తీసిన తలుపు వాళ్ళందరి ఇళ్ళకీ తెరుచుకుంది.

సత్యవేణి గారు నా వెనక నిలబడి చదువుతున్నారు.

"చూపిస్తుందా వాటిని?" అన్నారు.

"చూపించదు. వాళ్ళు చెప్పనంతవరకూ చూపించకూడదని మనమే రాశాం. అందుకే అడుగుతోంది చూడండి: వీళ్ళని ఎవరు అడుగుతారు అని."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నేను ఉద్యోగంలో చేరేనాటికే జీపులు అమ్మేశారు," అన్నారు. "ఎక్కడికైనా వెళ్ళడానికి మనకి పద్ధతే లేదు. రాయండి భ్రమరాంబ గారూ. పద్ధతి మీరే రాయండి."

పుష్యమి

మొదట కృష్ణ మొగ. ఇస్మాయిల్, నేను. బయలుదేరే ముందు గుల్లతిప్ప నుంచి, మేం వాళ్ళకి ఇచ్చొచ్చిన పలక మీద పిలుపొచ్చింది. కాసులమ్మే. సంగతంతా చెప్పి, నా వల్ల పొరపాటైందేమోనన్నాను. "మాలాటోళ్ళు ఇంకా ఉన్నారా?" అంది. ఆ ఒక్క మాటే మూడుసార్లు అడిగింది. "మేం ఉన్నామని చెప్పు వాళ్ళకి. మా పిల్ల పుట్టిందని చెప్పు. చెప్పొచ్చు, నేను చెప్పమన్నానని చెప్పు."

ఈసారి మేం పడవని దూరంగానే ఆపి నావ అద్దెకి తీసుకున్నాం. ఇస్మాయిల్ గెడ వేస్తున్నాడు, మూడొంతులు గుండ్రంగా తిరుగుతూ. రెల్లు దుబ్బుల వెనక అది కనిపించింది. గుల్లతిప్పకన్నా పెద్దది, కోలగా ఉంది. అంచున ఒక పెద్దాయన గెడ అడ్డం పట్టి నిలబడ్డాడు.

"ఆడే ఆగండి! ఎవరు మీరు?"

ఆగాం. చెప్పాను. మేం పటం మనుషులమని, మీరు ఇక్కడున్నారని మాకు సందేహం వచ్చిందని, మీరు వద్దంటే ఎవరికీ చెప్పకుండా తిరిగి వెళ్ళిపోతామని. ఆయన పేరు నాగిడి సింగయ్య. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

"మీకెట్టా తెలిసింది మేమున్నట్టు?"

"ఇలాంటి ఊరే గోదావరి మొగలో ఇంకొకటి ఉందండి. అది చూశాక తెలిసింది."

గెడ కిందికి దిగింది. "ఇంకొకటా?"

ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. ఇళ్ళలోంచి జనం వచ్చారు. వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, మమ్మల్ని ఎవరు పంపారని, ఏం కావాలని అడగడం మానేసి, అవతలివాళ్ళ గురించి అడగడం మొదలెట్టారు. అడుగున ఏం వేశారు? డ్రమ్ములా, వెదురా? ఉప్పునీటిలో వంగ కాస్తుందా? ఎంతమంది? మన భాషేనా? నేను గుల్లతిప్ప గురించి చెబుతుంటే, కాసులమ్మ మనవరాలి గురించి చెబుతుంటే, ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళూ లోకంలో ఇలా బతుకుతున్నది తామొక్కళ్ళే అనుకున్నారు వాళ్ళు.

"పటంలో ఎక్కుతారా?" అని చివరికి అడిగాను.

"అది తర్వాత చూద్దాం," అన్నాడు సింగయ్య. "ముందు వాళ్ళెక్కడున్నారో గీసి చూపించు."

పలక తీయబోయి ఆగాను. అందులో వాళ్ళు కనిపించరు. తడిమట్టి మీద పుల్లతో గీశాను. ఇది కృష్ణ, ఇది గోదావరి, మధ్యన ఏలూరు కాలువ. చదువు అయ్యాక నేను చేత్తో గీసిన మొదటి పటం అది. వంకరటింకరగా వచ్చింది. గోదావరి కృష్ణకన్నా చిన్నదైపోయింది. ఇస్మాయిల్ పక్కనుంచి "ఆ మలుపు ఇంకాస్త ఉత్తరానికి మేడమ్," అన్నాడు.

సింగయ్య గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. కాలువ గీత మీద వేలు మెల్లగా జరిపాడు.

"ఈ కాలువలో పడవలు దాటే లాకులుంటాయి గదా. ఎంత వెడల్పుంటాయంటావు?"

"ఎందుకండీ?"

"మా ఊరు పడుతుందా అని."

నాకు తెలియదు. పుడమిని అడిగినా దానికీ తెలియదు. ఒక ఊరు లాకులోంచి పోవడం దానికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను ఇంకా ఆ ప్రశ్న దగ్గరే ఉండగా, సింగయ్య భార్య పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చి, పటం మీదకి వంగి, లాకు ఉండే చోట వేలు పెట్టింది.

"ఇక్కడికొచ్చాక ఊరిని రెండుగా విడదీయాలి," అంది. "దాటాక మళ్ళీ కట్టుకుందాం."